నక్షత్రవరణము: నౌకాస్థాననిర్ణయము

నడిసముద్రమున నౌక యున్న తావును తెలిసికొనుటకు తగిన తారలను ఎంచుకొనుట నక్షత్రవరణ మనబడును. సెక్స్టంటుతో తార యెత్తును కొలిచి, క్రోనోమీటరు చూపు కాలముతో గణించినచో, నౌక ఒకానొక స్థానరేఖపై నున్నదని తేలును. అట్టి రేఖలు ఖండించుకొను చోటే దాని స్థానము.

తొలుత నావికులకు ధ్రువతారయే ప్రధానము. హిందూమహాసముద్రమున అరబ్బు నావికులు కమాల్ అను చిన్నపలకతో దాని యెత్తును వ్రేళ్ళ లెక్కన కొలిచి అక్షాంశమును గ్రహించుచుండిరి. కోలారు జిల్లాలోని ముళబాగిలు సముద్రమునకు ఎంత దూరమైనను, చెన్నపట్టణముతో ఇంచుమించు ఒకే అక్షాంశమున నుండుటచే, రెండుచోట్లను ధ్రువుడు సుమారు 13 డిగ్రీల యెత్తుననే కానవచ్చును.

రేఖాంశము దుర్లభమై యుండగా, ఖగోళజ్ఞుడు మాస్కెలీన్ పర్యవేక్షణమున 1767వ సంవత్సరమునకు వెలువడిన బ్రిటిషు నావికపంచాంగము, సూర్యుని నుండియు తొమ్మిది తారల నుండియు చంద్రుని దూరములను, వానినిబట్టి కాలమును తెలిసికొనుటకై, ముందుగా గణించి యిచ్చెను. చంద్రమార్గమునకు సమీపమున నుండుటయే నాటి వరణసూత్రము గనుక, మన పంచాంగములు అదే కారణమున ఎన్నుకొన్న రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ ఆ పట్టికయందును చేరెను. నౌకాయానమునకు తోడ్పడ నుద్దేశింపబడి 1792లో నుంగంబాకమున నెలకొన్న మద్రాసు నక్షత్రశాలయందు ఖగోళజ్ఞుడు టైలరు పదునొకండు వేల తారల స్థానములను పట్టిక వేసెను. ఆయన శిష్యుడు గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్టణమున స్వంత వేధశాలను నిర్మించెను.

1837లో నౌకాధిపతి సమ్నరు స్థానరేఖను కనుగొనగా, 1875లో నావికాధికారి మార్క్ సెయింట్ హిలేరు దాని గణితమును సుగమము చేసెను. క్రోనోమీటరే కాలమును తెలుపుచుండుటచే చంద్రసామీప్యము అనావశ్యకమై, తారల దిగ్భేదమే ముఖ్యమయ్యెను. నేటి నావికపంచాంగములు ప్రత్యేకించి ఎన్నిన తారలు 57; భారతదేశము 1958వ సంవత్సరముతో మొదలిడి తన నావికపంచాంగమును తానే ప్రకటింప నారంభించెను.

తారయు క్షితిజరేఖయు ఒక్కసారి కనబడు సంధ్యయే వేధకు అనువైన సమయము. మిక్కిలి క్రిందనున్న తార వాతావరణ వక్రీభవనమువలన నమ్మదగదు. నడినెత్తికి చేరువైనది కొలతకు లొంగదు. మూడు తారలు సుమారు 120 డిగ్రీల ఎడముతో నున్నచో, కొలతలన్నిటను ఒకే దోషమున్నను రేఖల త్రిభుజమధ్యము నిజస్థానమునే చూపును. ఏప్రిల్ నడుమ, చెన్నపట్టణపు తీరసముద్రమున సాయంసంధ్యవేళ, తూర్పున మఖ, వాయవ్యమున బ్రహ్మహృదయము, దక్షిణమునకు కొంచెము పడమరగా అగస్త్యుడు ఈ సూత్రమునకు చక్కగా ఒదుగును. అదే సంధ్యవేళ ముళబాగిలు మేడపై నిలిచిన బాలుడును ఆ మూడింటిని ఆ దిక్కులందే గుర్తింపగలడు.