నీలిమందు కడుపున పుట్టిన అనిలిన్

1826లో జర్మన్ రసాయనవేత్త ఒట్టో ఉన్‌ఫర్‌డోర్బెన్ నీలిమందును స్వేదనం చేసి నూనెలాంటి ద్రవం ఒకటి రాబట్టాడు. ఆమ్లాలతో కలిస్తే స్ఫటికాలు కడుతోందని ‘క్రిస్టలిన్’ అన్నాడు. 1834లో మరో రసాయనవేత్త రుంగేకు బొగ్గు తారులో అలాంటి ద్రవమే దొరికింది. బ్లీచింగ్ పౌడర్ తగిలితే నీలం తిరుగుతోందని ‘క్యానోల్’ అన్నాడు. తర్వాత ఫ్రిట్షే అనే రసాయనవేత్త నీలిమందును క్షారంతో కాచి ‘అనిలిన్’ తీశాడు. 1842లో రష్యాలోని కజాన్‌లో రసాయనవేత్త జినిన్ నైట్రోబెంజీన్ నుంచి ‘బెంజిడామ్’ చేశాడు. ఈ నాలుగూ ఒకటేనని 1843లో రసాయనవేత్త హాఫ్‌మన్ తేల్చాడు.

కథకు అసలు మలుపు ఇదే. మొక్క నుంచి వచ్చే నీలిమందులో దొరికేదాన్ని బొగ్గు తారు నుంచీ చేయవచ్చని దీంతో రుజువైంది.

అనిలిన్ అంటే బెంజీన్ వలయానికి అమైనో గ్రూపు తగిలించిన పదార్థం. ఆ గ్రూపులోని నైట్రోజన్ తన ఎలక్ట్రాన్లను వలయానికి అందిస్తుంది. అందుకే అది బెంజీన్ కన్నా చాలా చురుగ్గా చర్య జరుపుతుంది. రంగు లేని ఈ ద్రవం 184 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. గాలి తగిలితే గోధుమరంగుకు మారుతుంది, కుళ్లిన చేపల వాసన వేస్తుంది.

1856లో హాఫ్‌మన్ శిష్యుడు విలియం పెర్కిన్ మలేరియా మందు క్వినైన్ చేయాలని లండన్‌లోని తన ఇంట్లో ప్రయోగాలు చేస్తున్నాడు. అప్పటికి అతనికి 18 ఏళ్లు. అనిలిన్‌ను పొటాషియం డైక్రోమేట్‌తో ఆక్సీకరిస్తే నల్లటి మడ్డి మిగిలింది. దాన్ని పారబోయకుండా ఆల్కహాల్‌లో కరిగించి చూస్తే ఊదారంగు తేలింది. అతని అనిలిన్‌లో టొల్యుడిన్ కలిసి ఉండటమే మేలైంది. స్వచ్ఛమైన అనిలిన్‌తో ఆ రంగు వచ్చేది కాదు. మరుసటి ఏడే ఫ్యాక్టరీ పెట్టాడు. కృత్రిమ రంగుల పరిశ్రమ అలా మొదలైంది.

1897లో జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ కృత్రిమ నీలిమందును అమ్మకానికి తెచ్చింది. అప్పటి పద్ధతికి ముడిసరుకు నాఫ్తలీన్. 1901లో రసాయనవేత్త ఫ్లేగర్ అనిలిన్ నుంచే నీలిమందు చేసే చవకైన దారి కనిపెట్టాడు. దీంతో మన దేశంలో నీలి సాగు కుదేలైంది. బిహార్‌లోని చంపారన్‌లో తెల్లదొరలు ఆ నష్టాన్ని రైతుల నెత్తిన రుద్దారు. బలవంతపు నీలి సాగు నుంచి విడిచిపెట్టాలంటే శిస్తు పెంచుతామనో, పరిహారం కట్టాలనో పట్టుబట్టారు. రైతుల కష్టాలు తెలుసుకోవడానికి 1917లో గాంధీజీ అక్కడికి వెళ్లారు. మరుసటి ఏడు వచ్చిన చట్టం బలవంతపు నీలి సాగును రద్దు చేసింది.

నేడు అనిలిన్‌లో ఎక్కువ భాగం పాలీయురెథేన్ తయారీకి పోతోంది. పరుపుల ఫోమ్, ఫ్రిజ్ గోడల్లోని నింపుడు పదార్థం దాని రూపాలే. రబ్బరు రసాయనాలకూ, జీన్స్ నీలానికీ అనిలినే ఆధారం. అయితే అది చర్మం గుండా ఒంట్లోకి చేరి, రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది. కనుక ఈ ఆవిష్కరణ విలువ కట్టేటప్పుడు దాని లాభంతో పాటు చంపారన్ రైతు నష్టాన్నీ, ఫ్యాక్టరీ కార్మికుడి ఆరోగ్యాన్నీ లెక్కలో వేయాల్సిందే.