అతిసూక్ష్మ కంపనముల చరిత్ర

గుడిగంటను మ్రోగించి విడిచినయెడల నాదము క్రమముగా అణగిపోవును. పిదప గంట కదలక యున్నదని మనము తలంతుము. కాని వేడిమి యున్నంతవరకు అది లోలోపల వణకుచునే యుండును. ఆ వేడిమిని తీసివేసిన నేమి మిగులును? 1925-26 సంవత్సరములలో రూపొందిన క్వాంటము సిద్ధాంతము దీనికి వింతయైన యుత్తరము నొసగెను. కంపనశక్తి నూనెవలె ధారగా గాక, ధాన్యమువలె గింజలు గింజలుగా తగ్గునట. గింజలన్నియు పోయినను లేశమాత్రపు చలనము మిగులునట. అణువులకు చెల్లిన యీ ధర్మము మనుష్యుడు చేసిన వస్తువునకును చెల్లునా? నిదర్శనము దొరకుటకు ఎనుబదియేండ్లకు పైగా పట్టినది.

వస్తువును చల్లార్చుట యొక కష్టము. చల్లార్చినదానిని కదలింపకుండ దాని సవ్వడి వినుట రెండవ కష్టము. నా యభిప్రాయమున నిదియే గొప్పది. మామూలు తీగలో విద్యుత్తు పారిన తీగ వేడెక్కును. వినవచ్చినవాడే గంటను వణకించినట్లగును!

1911లో హాలండు దేశమున కామర్లింగ్ ఓన్స్ పండితుడు, మిక్కిలి చల్లార్చిన పాదరసమున విద్యుత్తునకు అడ్డు బొత్తిగా లేకపోవుట కనుగొనెను. దీనినే అతివాహకత్వ మందురు. ఇట్టి లోహములు రెంటినడుమ పలుచని పొర యున్నను విద్యుత్తు దాటునని 1962లో ఇంగ్లండున జోసెఫ్సన్ చెప్పెను. అట్టి వలయము తానే శక్తిని గింజలుగా గ్రహించునని క్లార్క్, డెవొరే, మార్టినిస్‌లు 1984-85లో నిరూపించిరి. 2025లో వారికి నోబెల్ బహుమాన మబ్బెను.

ఆ మార్టినిసే క్లీలాండ్, ఓకానెల్‌లతో గూడి 2010లో కాలిఫోర్నియా యందలి శాంటా బార్బరాలో అసలు ప్రయోగము చేసెను. కంటికి కనబడీ కనబడని యొక తునుక; అది సెకనునకు సుమారు 600 కోట్ల మారులు కంపించును. కంపనము త్వరితమైనకొలది గింజ పెద్దదగును. పెద్ద గింజను కొద్దిపాటి వేడిమి పుట్టింపజాలదు. అందుచేతనే అంత వేగమును కోరుకొనిరి. శీతలతయొక్క కట్టకడపటి మెట్టునకు డిగ్రీలో నలుబదియవ వంతు ఎగువవరకు దానిని చల్లార్చి, ప్రక్కనున్న అతివాహక వలయముచే పరీక్షింపగా, తునుకలో గింజ యొక్కటియు లేదని తేలెను. పిమ్మట వలయమునుండి ఒక్క గింజ నిచ్చి, మరల తీసికొనిరి. ఆ గింజ తునుకలో నిలిచిన కాలము సెకనులో నూరుకోట్లవ వంతులు ఆరు మాత్రమే!

మరుసటి యేడు అదే దేశమున బౌల్డరు నగరమునందు, మిల్లీమీటరులో పదివేలవ వంతు మందముగల అల్యూమినియపు డప్పు నొకదానిని పరీక్షించిరి. దాని కంపనము సెకనునకు కోటిమారులే గనుక గింజ చిన్నది. శీతలయంత్ర మొక్కటియే చాలదు. అతివాహక వలయములోనికి సూక్ష్మతరంగములను పంపి, మిగిలిన కంపనమును వానితో వెలికి లాగించిరి. తుదకు డప్పులో సగటున అరగింజయైనను మిగులలేదు.