పంది తిత్తి నుంచి ఓఆర్ఎస్ దాకా

వానాకాలంలో మన గూడేలకు విరేచనాల భయం. ఆశా కార్యకర్త ఇచ్చే ఓఆర్ఎస్ ప్యాకెట్ వెనక పెద్ద చరిత్రే ఉంది.

1748లో ఫ్రాన్స్‌లో నొలే, సారాయి నింపిన గాజుపాత్ర మూతికి పంది మూత్రాశయపు పొర కట్టి నీళ్లలో ముంచాడు. నీళ్లు లోపలికి చేరి పొర ఉబ్బింది. నీరు ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకు పొర దాటడమే ద్రవాభిసరణం. ఆ ఒత్తిడి కొలతలను 1877లో జర్మనీ శాస్త్రవేత్త ఫెఫర్ ప్రచురించాడు.

1971లో బంగ్లా శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగింది. డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించారు. పేగుల్లో గ్లూకోజ్‌తో కలిసి ఉప్పు ఒంట్లోకి పోతే, దాని వెంటే నీళ్లూ పోతాయి. నూటికి సుమారు 30 ఉన్న చావులు 4 లోపుకు తగ్గాయి.

లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసుడు నీళ్లలో కలిపితే అది ఒంట్లోని నీళ్లనే పేగుల్లోకి లాగేస్తుంది. ఈ మాట మన గూడెం అమ్మలకు మనమే చెప్పాలి.