చంపీకి ఇజ్జత్ ఎక్కడ?

షాంపూ అనే లఫ్జ్ మన ‘చాంప్‌నా’ నుంచి పుట్టింది. అంటే ఒత్తడం. చంపీ దాని తోబుట్టువే. పట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మొహమ్మద్ ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో ఆవిరి హమామ్ పెట్టి, మాలిష్‌తో మషూర్ అయ్యాడు. బాద్‌షాలు నాలుగో జార్జ్, నాలుగో విలియం కొలువుల్లో ‘షాంపూయింగ్ సర్జన్’ హోదా పొందాడు. జుట్టు కడగడమనే మానీ ఆ లఫ్జ్‌కు తర్వాత వచ్చింది.

మా నానీమా తరీఖా రోజూ ఒకటే: గోరువెచ్చని కొబ్బరినూనె, వేళ్ల కొసలతో మాలిష్, వెడల్పు పళ్ల కంఘీ. జుమ్మాకు కుంకుడు రసం. నూనె కొత్త జుట్టు మొలిపించదు గానీ ఉన్నది తెగకుండా కాస్తుంది.

ఇళ్లల్లో ఆడవాళ్లు, బజార్లో హజ్జామ్‌లు నిలబెట్టిన హునర్ ఇది. దానికి విలాయత్‌లో షాహీ ఇజ్జత్ దక్కింది. మనమేమో హజ్జామ్ అనే మాటను ఇంకా తిట్టుగా వాడుతున్నాం. సీసాకిచ్చే ఖదర్ ఆ చేతులకెందుకివ్వం?