బ్లాక్ లోటస్ కార్డు కథ

పోయిన వేసవి సెలవుల్లో బెంగళూరు నుంచి వచ్చిన మా పెద్దమ్మ కొడుకు నాకు ఒక చెప్పుల డబ్బా నిండా కార్డులు ఇచ్చిపోయాడు. అవి ‘మ్యాజిక్ ద గ్యాదరింగ్’ అనే ఆటవి. ఆట నాకు రాదు, బొమ్మలు మాత్రం చాలా బాగున్నాయి. అందులో ఒక డ్రాగన్ కార్డు మా క్లాసు స్నేహితుడికి నచ్చింది. ఇరవై రెజ్లింగ్ కార్డులు ఇస్తానన్నాడు, ఇచ్చేశాను. దసరాకు అన్న మళ్ళీ వచ్చి, “ఆ ఒక్కటే రెండు వేలు పలుకుతుంది రా, ఎవరికిచ్చినావు?” అన్నాడు. అట్టముక్కకు రెండు వేలేంది అని అడిగాను. అన్న చెప్పింది, తర్వాత నేను చదివింది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఆటను తయారుచేసింది రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికా గణిత పండితుడు. ఆయన మొదట వేరే ఆట ఒకటి పట్టుకుని పీటర్ అడ్కిసన్ దగ్గరికి వెళ్ళాడు. దాన్ని తయారుచేయడానికి ఖర్చు ఎక్కువ, సులభంగా వెంట తీసుకుపోయేది ఏదైనా చెయ్యమని అడ్కిసన్ అడిగాడు. అట్లా ఇది పుట్టింది. 1993 ఆగస్టులో అడ్కిసన్ కంపెనీ ‘విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్’ దీన్ని అమ్మకానికి పెట్టింది. మన పేకలో 52 ముక్కలు అందరికీ ఒకటే. ఇందులో కవరు విప్పితే గాని లోపల ఏమున్నాయో తెలీదు. మామూలువి ఎక్కువ, అరుదైనవి తక్కువ. లేనిది కావాలంటే ఇంకొకరితో మార్చుకోవాలి, లేదంటే కొనాలి.

మొదటిసారి సుమారు 26 లక్షల కార్డులు వేస్తే చూస్తుండగానే అయిపోయాయి. అరుదైన రకాలు మాత్రం ఒక్కోటి 1,100 దాకానే వేశారు. బ్లాక్ లోటస్ వాటిలోది. ఈ ఆటలో మంత్రం వేయాలంటే ‘మానా’ అనే శక్తి కావాలి. మామూలుగా అది వంతు వంతుకూ మెల్లగా పెరుగుతుంది. బ్లాక్ లోటస్ ఉంటే ఒకేసారి మూడు ఊరికే వస్తాయి. పరుగుపందెంలో ఒకడు మాత్రం సగం దూరం నుంచి మొదలుపెట్టినట్టు! ఒక్కొక్కరు కొద్దిగానే కొంటారని గార్ఫీల్డ్ అనుకున్నాడు. జనం డబ్బాలకు డబ్బాలు కొన్నారు. 1994లో వచ్చిన కూర్పులో ఆ కార్డును తీసేశారు. దాంతో పాతవాటి ధర ఇంకా పెరిగింది.

అసలు గొడవ 1995లో వచ్చింది. పాత కార్డులు దొరకడం లేదని కంపెనీ ‘క్రానికల్స్’ పేరుతో 125 రకాలు మళ్ళీ అచ్చు వేసింది. ఆడేవాళ్ళకు అది మేలు. దాచుకున్నవాళ్ళు, అమ్ముకునేవాళ్ళు మాత్రం మండిపడ్డారు. వాళ్ళ కార్డుల ధరలు పడిపోయాయి మరి. 1996లో కంపెనీ ఒక జాబితా ప్రకటించింది, ఇందులోవి మళ్ళీ వేయబోమని మాట ఇచ్చింది. బ్లాక్ లోటస్ అందులో ఉంది. 2022లో ముప్పై ఏళ్ళ పండుగని అదే బొమ్మలతో మళ్ళీ వేశారు గాని, వెనకవైపు వేరేగా పెట్టి, పోటీల్లో చెల్లవన్నారు. నాలుగు కవర్లు 999 డాలర్లు! మాట తప్పలేదంటే తప్పలేదు, నాకైతే అది తప్పించుకోవడం లాగే అనిపించింది.

2021లో మొదటి అచ్చు బ్లాక్ లోటస్ ఒకటి 5,11,100 డాలర్లకు వేలంలో పోయింది. అది చెక్కుచెదరని కార్డు. మూల నలిగినా ధర పడిపోతుందని అన్న చెప్పాడు.

నా లెక్కలో 1995లో న్యాయం ఆడేవాళ్ళదే. కార్డు ఉన్నది ఆడటానికే కదా. అట్లా అనుకుంటూనే నేను మా స్నేహితుణ్ణి డ్రాగన్ కార్డు తిరిగి అడిగాను. వాడు, “మార్చుకునే రోజు రేటు అడిగినావా? ఇప్పుడెందుకు?” అన్నాడు. నాకు జవాబు రాలేదు. రెండు రోజులు మాట్లాడుకోలేదు కూడా.

ఇప్పుడు మాట్లాడుకుంటున్నాము. కార్డు వాడి దగ్గరే ఉంది, లెక్కల పుస్తకంలో గుర్తుకు పెట్టుకుంటాడు. పోయిన వారం చూస్తే ఒక మూల మడతపడింది. దాని ధర ఎంతో వాడికి నేనింకా చెప్పలేదు.