ఒక పిస్తోలు పుట్టుపూర్వోత్తరాలు

ధూల్‌పేటలో గణపతి విగ్రహాలు చేసే లోధీ కుటుంబాలవారు తమ పెద్దలు బుందేల్‌ఖండ్ వైపునుంచి సైనికులుగా వచ్చారని చెప్పుకుంటారు. సైనికుల చరిత్ర యిలా నోటిమాటగా మిగిలింది. ఆయుధాల చరిత్రకు మాత్రం ధర పలుకుతున్నది. అరుదైన ఇంగ్లీషు పిస్తోలు ఒకటి అమ్మకానికి వస్తే, యే దొర తెచ్చాడు, యే నవాబు దేవిడీలో వున్నది అని అడుగుతారు. పేరు పెద్దదైనకొద్దీ ధర పెరుగుతుంది. దీనినే పుట్టుపూర్వోత్తరాలు అంటున్నారు.

ఆ పిస్తోలునే మరొక విధంగా చదవవచ్చు. ఈస్టిండియా కంపెనీ చెకుముకి పిస్తోళ్ళలో, నిప్పు రాల్చే యంత్రపు రేకుమీద హృదయాకారపు ముద్ర వుండేది. కంపెనీ తన సరుకు మూటలమీద వేసిన గుర్తు అదే. మూటమీదా, మారణాయుధంమీదా ఒకే ముద్ర! వర్తకానికీ దండయాత్రకూ గల బంధుత్వానికి యింతకన్న సాక్ష్యమేమి కావాలి? 1808 నుంచి దాని స్థానంలో కిరీటం పట్టిన సింహం వచ్చింది. గొట్టం ఒకరు, యంత్రం ఒకరు, కర్రపిడి మరొకరు చేసేవారు. మందు ఎక్కువగా దట్టించి పేల్చినా పగలని గొట్టానికే పరీక్షముద్ర పడేది. కాని రేకుమీద చెక్కిన పేరు తరచుగా పని చేయించిన వ్యాపారిదే.

యిట్టి ఆయుధాలకు హైదరాబాదులో దారి యెలా యేర్పడింది? 1786లో ఫ్రెంచి సేనాని రేమాండ్ యిక్కడే ఫిరంగుల కార్ఖానా పెట్టాడు. గన్‌ఫౌండ్రీ అన్న పేరు నేటికీ మిగిలివున్నది. 1798 సెప్టెంబరు 1న నిజాం కంపెనీతో సంధి చేసుకున్నాడు. ఆ అక్టోబరులోనే ఫ్రెంచి అధికారుల కింద వున్న సుమారు 14,000 మంది సిపాయిలను నిరాయుధులను చేశారు. వారి స్థానంలో కంపెనీ పటాలాలు ఆరు. వాటికి నిజాం కట్టవలసినది యేటా 24,17,100 రూపాయలు. ఆ రొక్కం నవాబు తోటలో పండలేదు. తెలుగు, మరాఠీ, కన్నడ రైతుల శిస్తునుంచి వచ్చింది.

రైతు సొమ్ముతో నిలిచిన ఆయుధం యెవరివైపు తిరిగిందో 1857 జూలై 17న తేలిపోయింది. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ నాయకత్వాన రెసిడెన్సీ మీదికి వెళ్ళిన జనాన్ని కంపెనీ ఫిరంగులు చెదరగొట్టాయి. 1859లో తుర్రేబాజ్‌ను కాల్చిచంపి, శవాన్ని నగరంలో వేలాడదీశారు. 1878 ఆయుధాల చట్టం బ్రిటిషు ఇండియాలో భారతీయునికి లైసెన్సు తప్పదన్నది; ఐరోపావారిని మినహాయించింది.

ఆ రెసిడెన్సీనుంచి బేగంబజారు దాటి పడమరగా నడిస్తే ధూల్‌పేట వస్తుంది. ఆనాటి పిస్తోలు పిడిని నునుపు చేసిన పనివానివలెనే, యీనాడు యిక్కడ విగ్రహానికి రంగు వేసేవాడూ తన పేరు వ్రాసుకోడు. కావున అధ్యాపకులమైన మనం విద్యార్థికి ఒక పాత పిస్తోలును చూపినప్పుడు, దీనిని ధరించినదెవరు అన్న ప్రశ్నతో ఆగరాదు. చేసినదెవరు? సొమ్ము కట్టినదెవరు? గురి యెవరి గుండెకు? యీ ప్రశ్నలు అడగడం నేర్పితేనే అది చరిత్ర పాఠమవుతుంది. లేకపోతే అది వేలంపాట.