డిస్క్ అరిగిందంటే ఏమైనట్టు?

సంఘాల్లో ప్రార్థన మనవులు చెప్పేటప్పుడు ఈమధ్య తరచుగా వినబడే మాట ఒకటుంది: "నడుములో డిస్క్ అరిగిపోయింది, పూసల్లో గ్యాప్ వచ్చిందన్నారు." ఆ మాట వెనుక సాధారణంగా ఒక ఎమ్మారై రిపోర్టు ఉంటుంది. అందులో డీజెనరేషన్, డెసికేషన్, బల్జ్ అనే మాటలుంటాయి. అవి చదివిన మనిషి మొదట నీళ్ల బిందె ఎత్తడం మానేస్తాడు, తరువాత నడక మానేస్తాడు, చివరికి ఇల్లు కదలడు. నొప్పికంటే రిపోర్టే కొందరిని మంచాన పడేస్తోందని మాకనిపిస్తుంది. గనుక డిస్క్ అంటే ఏమిటో, అది అరగడమంటే ఏమిటో ఈ వారం తెలుసుకుందాము.

మన వెన్నెముకలో 23 డిస్కులున్నాయి. పుర్రెకూ మొదటి పూసకూ మధ్య గాని, మొదటి రెండు పూసల మధ్య గాని డిస్క్ లేదు. అక్కడి నుండి నడుము చివరివరకు పూసకూ పూసకూ మధ్య ఒక్కొక్కటి ఉంటుంది. డిస్క్ నడుమ జిగురులాంటి గుజ్జు ఉంటుంది, దాని పేరు న్యూక్లియస్ పల్పోసస్. చుట్టూ 15 నుండి 25 పొరలుగా గట్టి నారల వలయం ఉంటుంది, అది ఆన్యులస్ ఫైబ్రోసస్. ఒక పొరలో నారలు ఒక వాలుగా సాగితే పక్క పొరలో ఎదురు వాలుగా సాగుతాయి, నులక మంచం అల్లికలో తాళ్లు ఒకదానికొకటి అడ్డుపోయినట్టు. పైనా కిందా ఎండ్ ప్లేట్లనే పలుచని మృదులాస్థి పలకలు ఉంటాయి.

గుజ్జులో అగ్రికాన్ అనే పెద్ద అణువులుంటాయి. నీటిని లాగి పట్టి ఉంచేది అవే. పసిబిడ్డ డిస్క్ గుజ్జులో 80 నుండి 90 శాతం నీరే. పగలంతా శరీరం బరువుకు ఆ నీరు కొంత బయటికి పోతుంది, రాత్రి పడుకున్నప్పుడు తిరిగి చేరుతుంది. ఉదయం మనమందరమూ సాయంత్రం కంటే ఒక సెంటీమీటరు ఎక్కువ ఎత్తుంటామంటే నమ్మబుద్ధి కాదు గాని, అది నిజమే.

ఇక అసలు విశేషం ఆహారం సంగతి. పెద్దవారి డిస్కులో వలయం బయటి అంచున తప్ప రక్తనాళాలు లేవు. రక్తనాళాలు లేని కణజాలాల్లో మన శరీరంలో అతి పెద్దది ఇదే. మధ్యలోని కణాలకు ప్రాణవాయువు, గ్లూకోజ్ పక్కనున్న పూసలోని సన్నని రక్తనాళాల నుండి ఎండ్ ప్లేటు గుండా నెమ్మదిగా ఊరుతూ రావాలి. నడుము డిస్కుల్లో ఆ దూరం 6 నుండి 8 మిల్లీమీటర్లుంటుంది. చిన్న దూరమే అనిపిస్తుంది గాని, కణానికది చాలా పెద్ద ప్రయాణం. ప్రాణవాయువు కొద్దిగానే అందుతుంది కాబట్టి ఈ కణాలు అది లేకుండానే గ్లూకోజ్‌ను వాడుకుంటాయి. దానివల్ల లాక్టిక్ ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం మధ్యనే అవి బతకాలి. వాటి సంఖ్యా తక్కువే. ఇంత పేదరికంలో ఉన్న కణజాలం చర్మం మీది గాయంలాగా వారంలో మానుతుందని ఎదురుచూడలేము.

అరుగుదల ముసలితనంలో మొదలవదు. బాల్యంలో గుజ్జులో ఉండే నోటోకార్డ్ కణాలు సుమారు పదేళ్ల వయసుకు దాదాపు కనుమరుగవుతాయి. ఎండ్ ప్లేటులోని రక్తనాళాలూ తగ్గుతాయి. ఆహారం తగ్గేకొద్దీ అగ్రికాన్ విరుగుతుంది, నీరు తగ్గుతుంది, గుజ్జు మోయవలసిన బరువు వలయం మీద పడుతుంది, అక్కడ చీలికలు వస్తాయి. డిస్క్ ఎత్తు తగ్గుతుంది. జనం "గ్యాప్" అనేది దీన్నే. నిజానికి కొత్తగా ఖాళీ ఏర్పడదు, ఉన్న ఎడమే తగ్గుతుంది.

ఇదంతా నొప్పేనా? కాదు. నడుమునొప్పి లేని 3,110 మంది స్కాన్లను పరిశీలించిన 33 అధ్యయనాల ఫలితాలను 2015లో ఒకచోట చేర్చి చూశారు. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ల వారిలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. యాభై ఏళ్ల వారిలో 80 శాతం, ఎనభై ఏళ్ల వారిలో 96 శాతం. డిస్క్ ఉబ్బు కూడా యాభై ఏళ్ల వారిలో 60 శాతం మందికి ఉంది. అంటే చాలామందికి ఇది నెరిసిన జుట్టు వంటిదే. రిపోర్టులో ఆ మాట కనిపించినంత మాత్రాన నొప్పికి కారణం దొరికినట్టు కాదు.

"మూటలు మోసి మోసి అరగగొట్టుకున్నాను" అని తమను తాము నిందించుకునే వారున్నారు. ఫిన్లండ్‌లో కవలల వెన్నెముకలను ఏళ్ల తరబడి పరిశీలించినప్పుడు, మోసిన బరువుల కంటే పుట్టుకతో వచ్చిన జన్యువుల పాత్రే చాలా ఎక్కువని తేలింది. కూలి పని చేసిన తండ్రి గాని, చంకన బిడ్డలను మోసిన తల్లి గాని చేయరానిది ఏదో చేశారని అనుకోనక్కరలేదు. పొగ తాగడం మాత్రం మానుకోదగినదే.

"డిస్క్ జారింది" అనే మాట కూడా సరైనది కాదు. డిస్క్ పూసలకు గట్టిగా అతుక్కొని ఉంటుంది, జారదు. వలయంలోని చీలిక గుండా గుజ్జు బయటికి వచ్చి నరాన్ని తాకుతుంది. నడుములో ఇది ఎక్కువగా అడుగునున్న రెండు డిస్కుల్లోనే జరుగుతుంది. పిరుదు నుండి కాలిలోకి దిగే సయాటికా నొప్పికి ఇది కారణమని 1934లో బోస్టన్ వైద్యులు విలియం మిక్స్టర్, జోసెఫ్ బార్ ప్రకటించారు. అలా బయటపడ్డ ముక్కను మన శరీరంలోని రక్షక కణాలు చాలామందిలో నెలల తరబడి కొద్దికొద్దిగా తినివేస్తాయి. చూసి భయపడే పెద్ద ముక్కలే తరచుగా బాగా తగ్గుతాయి. అందుకే సయాటికా వచ్చినవారిలో ఎక్కువమంది ఆపరేషన్ లేకుండానే కోలుకుంటారు. ఓపిక పట్టి, నొప్పి మందులు డాక్టరు చెప్పినట్టు వాడుతూ, చేతనైనంత నడవాలి. రోజుల తరబడి పడుకుంటే కోలుకోవడం ఆలస్యమవుతుంది. మర్దన హాయినివ్వవచ్చు గాని, పోయిన గుజ్జును తిరిగి పుట్టించే నూనె గాని బెల్టు గాని లేదు. అలా చెప్పి డబ్బు తీసుకునేవారి దగ్గరికి పోవద్దు.

అయితే ఆలస్యం చేయకూడని సందర్భాలున్నాయి. నడుమునొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే వెంటనే డాక్టరుకు చూపించాలి. మన దేశంలో వెన్నుపూసలకు క్షయ సోకడం ఇంకా ఉంది. పాదం పైకి లేవకుండా వేలాడుతున్నా ఆగకూడదు. మూత్రం రాకపోయినా, ఆపుకోలేకపోయినా, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా, రెండు కాళ్లలో బలం తగ్గుతున్నా, వెన్నెముక అడుగున ఉన్న నరాల గుత్తి నలుగుతున్నదేమోనని అనుమానించాలి. అది చెప్పుకోవడానికి సిగ్గుపడే విషయం గనుక మన ఇళ్లలో పెద్దవాళ్లు, ముఖ్యంగా స్త్రీలు, తెల్లారేదాకా ఆగుతారు. ఆగకూడదు, ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.